డబ్బా పీచ్‌లతో కాబ్లర్ చేస్తే మధ్యలో పిండి పచ్చిగా ఉండిపోయింది, ఎక్కడ తప్పు చేశాను?

కమ్మింగ్_వంటిల్లు:

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద ప్రశ్న, ఓపికగా చదవండి ప్లీజ్.

మేం జార్జియాలో కమ్మింగ్‌లో ఉంటాం. మా ఎదురింట్లో ఒక పెద్దావిడ ఉన్నారు, డెబ్బై దాటాయి, ఈ రాష్ట్రంలోనే పుట్టి పెరిగిన మనిషి. మా బాబు పుట్టి నేను హాస్పిటల్ నుంచి ఇంటికొచ్చిన మూడో రోజున ఒక గాజు డిష్ నిండా వేడివేడి పీచ్ కాబ్లర్ (పీచ్ పండు ముక్కలూ పిండీ వేసి ఓవెన్‌లో కాల్చే తీపి వంటకం) తెచ్చి, లోపలికి కూడా రాకుండా గుమ్మంలోనే అమ్మ చేతికిచ్చి వెళ్ళిపోయారు. అప్పటికి నాకు దాని పేరు కూడా తెలియదు. రాత్రి రెండింటికి బాబు లేస్తే వాడిని భుజాన వేసుకుని వంటింట్లో నిలబడి చెంచాతో డిష్‌లోంచే తిన్నాను. అంచుల్లో కరకరలాడుతూ, లోపల మెత్తగా, పండు రసం పీల్చుకుని భలే ఉంది. మూడేళ్ళయింది, నాకు ఇంకా గుర్తుంది.

ఇప్పుడు మా అత్తగారు, మామగారు ఇండియా నుంచి వచ్చారు. వచ్చే ఆదివారం ఆవిడని భోజనానికి పిలిచాం. ఆవిడ చేసిందే నేను చేసి ఆవిడకి పెట్టాలని నా కోరిక. అత్తగారు వాళ్ళు గుడ్డు తినరు, ఇందులో గుడ్డు లేదని తెలిశాక ఇంకా సంతోషమేసింది. ఎప్పుడో మెయిల్‌బాక్స్ దగ్గర కలిసినప్పుడు అడిగితే ఆవిడ ఒక్క ముక్కలో చెప్పేశారు: ఒక కప్పు పిండి, ఒక కప్పు పంచదార, ఒక కప్పు పాలు, ఒక స్టిక్ బటర్, ఒక పెద్ద డబ్బా పీచ్‌లు, 350 ఫారెన్‌హీట్‌లో పెట్టెయ్. అంతే.

నిన్న ట్రయల్ వేశాను. మైదా, పంచదార, పాలు కలిపి, కరిగించిన బటర్ అందులోనే పోసి బాగా గిలక్కొట్టాను. ఎనిమిది అంగుళాల గుండ్రటి కేక్ టిన్‌లో పోసి, పెద్ద డబ్బా పీచ్‌లు పాకంతో సహా మీద వేసి మళ్ళీ ఒకసారి కలిపాను. 35 నిమిషాలకి పైన ఎర్రబడింది, తీసేశాను. గంటె దింపితే లోపల అంతా జిగురు జిగురుగా, పచ్చి మైదా వాసన. అడుగున బటర్ తేలుతోంది. ఒక్క పొంగు లేదు. మావారు పాపం పైపైన తిని బాగుంది అన్నారు కానీ నాకు తెలుసు కదా.

పాకం వంపేయాలా? బేకింగ్ పౌడర్ వేయాలా? ఆవిడ చెప్పలేదు. ఆవిడనే అడగొచ్చు కానీ ఆదివారం ఆవిడకి తెలియకుండా చేసి పెట్టాలని ఉంది. టెన్షన్‌గా ఉంది, చెప్పండి.

మేకన్_అత్తయ్య:

అమ్మా, టెన్షన్ ఏమీ వద్దు. ఆవిడ చెప్పిన కొలత అక్షరాలా కరెక్టే, ఒక్క మాట మాత్రం విడిగా చెప్పలేదు, ఎందుకంటే ఆవిడకి అది చెప్పాల్సిన మాటే కాదు. ఇక్కడ అమెరికా దక్షిణాదిలో ఆ వయసు వాళ్ళు కాబ్లర్‌కో బిస్కెట్లకో పిండి అన్నారంటే చాలా ఇళ్ళలో అది సెల్ఫ్ రైజింగ్ ఫ్లోర్. అంటే బేకింగ్ పౌడరు, ఉప్పు ముందే కలిపి అమ్మే మైదా. వైట్ లిల్లీ అని ఉంటుంది చూడండి, ఇక్కడి పెద్దవాళ్ళ వంటిళ్ళలో తరచూ కనిపించేది అదే, 1883 నుంచీ ఉన్న బ్రాండ్. నేను మేకన్‌కి వచ్చి పదిహేనేళ్ళు, మొదటి ఏడాది నేనూ సరిగ్గా ఇలాగే మామూలు మైదాతో చేశాను, సరిగ్గా ఇలాగే ముద్దయింది.

కొత్త పిండి కొనక్కర్లేదు. ఒక కప్పు మామూలు మైదాలో ఒకటిన్నర టీస్పూన్ బేకింగ్ పౌడరు, పావు టీస్పూన్ ఉప్పు వేసి రెండుసార్లు జల్లించండి, సరిపోతుంది. కప్పుని పిండి సంచిలో ముంచి కుక్కి తీయకండి, చెంచాతో కప్పులోకి వదులుగా వేసి పైన చాకుతో సాపు చేయండి, 120 గ్రాములు రావాలి. ముంచి తీస్తే 150 దాకా పోతుంది, అప్పుడు పిండి బరువెక్కి లేవదు. బేకింగ్ పౌడరు పాతదైతే చెంచాడు వేడినీళ్ళలో వేసి చూడండి, బుసబుసా నురగ రాకపోతే పారేయండి.

ఇక రెండోది, అసలు కిటుకు అంతా ఇందులోనే ఉంది. కలపకూడదు. బటర్‌ని పిండిలో కలపకూడదు, పండుని పిండిలో కలపకూడదు. నేను చేసేది చెప్తాను. 9 బై 13 అంగుళాల డిష్‌లో ఒక స్టిక్ బటర్, అంటే 113 గ్రాములు, వేసి ఓవెన్ వేడెక్కుతున్నప్పుడే అందులో పెడతాను. బటర్ పూర్తిగా కరిగి అంచుల దగ్గర చిటపటమంటుంటే బయటికి తీస్తాను, ఎర్రబడనివ్వకూడదు. పిండి, పంచదార, పాలు కలిపితే దోసెల పిండిలా జారుగా వస్తుంది, పాలు గది వేడికి వచ్చాక కలపండి. ఆ జారుని వేడి బటర్ మీద మెల్లగా పోయండి. బటర్ పక్కలకి పొంగి పిండి మీదికి పాకుతుంది, చూస్తే ఏదో తప్పు జరిగినట్టే ఉంటుంది, గరిటె పెట్టబుద్ధేస్తుంది. పెట్టకండి. దాని మీద పీచ్ ముక్కలు ఒక్కొక్కటీ చేత్తో పరచండి. మళ్ళీ కలపకండి. ఓవెన్‌లో పండు బరువుకి కిందికి దిగుతుంది, పిండి దాని చుట్టూ పొంగి పైకి వస్తుంది, అంచుల్లో ఉన్న పిండి ఆ బటర్‌లో వేగుతుంది. మన దిబ్బరొట్టె అంచు మూకుట్లో నూనెకి ఎలా కరకరలాడుతుందో అదే సంగతి ఇక్కడ. మీరు రాత్రి రెండింటికి తిన్న ఆ అంచు అలా వచ్చిందే. బటర్‌ని పిండిలో గిలక్కొడితే ఆ అంచు రాదు.

పాకం విషయం. డబ్బా మీద చూడండి, హెవీ సిరప్ అని ఉంటుంది, లైట్ సిరప్ అని ఉంటుంది, పండ్ల రసంలో నిలవ చేసినవీ ఉంటాయి. పెద్ద డబ్బా 29 ఔన్సులు, అంటే 822 గ్రాములు, అందులో పాకమే చాలా ఉంటుంది. అదంతా పోశారు కాబట్టే చెరువయింది. చిల్లుల గిన్నెలో వేసి పది నిమిషాలు వదిలేయండి, పాకం కింద గిన్నెలో పట్టుకోండి, పారబోయకండి. అందులోంచి నాలుగైదు చెంచాలు మాత్రం ముక్కల మీద చిలకరించండి. హెవీ సిరప్ అయితే పిండిలో పంచదార ముప్పావు కప్పుకి తగ్గించండి. ఒక చెక్క నిమ్మరసం పిండండి, డబ్బా పండులో తీపే తప్ప పులుపు తెలియదు, నిమ్మరసం పడితే పీచ్ రుచి లేచి వస్తుంది.

350లో 45 నుంచి 50 నిమిషాలు. పైన ఎర్రబడిందని తీయకండి, పంచదార ఉంది కాబట్టి రంగు ముందే వచ్చేస్తుంది. మధ్యలో చూడండి. రసం అంచుల్లోనే కాక మధ్యలో కూడా చిక్కగా, నెమ్మదిగా, బెల్లం పాకం ఉడికినట్టు గుళుక్ గుళుక్ మంటూ బుడగలు రావాలి. పిండి ఉన్న చోట పుల్ల గుచ్చితే పొడిగా రావాలి. రంగు ముదురుతోందనిపిస్తే పైన ఫాయిల్ వదులుగా కప్పండి. తీశాక అరగంట ముట్టుకోకండి, చల్లారుతున్నకొద్దీ రసం గట్టిపడుతుంది.

ఇంకొక్క మాట. పీచ్ రాష్ట్రంలో ఉండి డబ్బా పండ్లతో చేయడమేమిటి అని ఎవరైనా అంటే పట్టించుకోకండి. ఇక్కడ తోటల పండు వచ్చేది మే మధ్య నుంచి ఆగస్టు మధ్య దాకానే. మిగతా ఏడాదంతా ఇక్కడివాళ్ళూ డబ్బాలే తెస్తారు, ఆ డబ్బా పండు కూడా ఎక్కువగా కాలిఫోర్నియాది. గింజకి అంటుకుపోయే గట్టి రకం, అందుకే పాకంలో ఉడికినా ముక్క చెదరదు. బేకింగ్‌కి అది మంచిదే. జూన్‌లో కుదిరితే మా పక్కనే పీచ్ కౌంటీలో ఫోర్ట్ వ్యాలీ అని ఊరుంది, అక్కడి పీచ్ పండగకి రండి, ఊరంతటికీ ఒకే పెద్ద కాబ్లర్ చేసి పంచుతారు. మీ అత్తగారికి చూపించండి, మన జాతర సందడి ఉంటుంది.

డల్లాస్_రవి:

అత్తయ్యగారు చెప్పింది బాగుంది, కానీ నేను పిండి జారు పద్ధతి మానేసి నాలుగేళ్ళయింది. పైన బిస్కెట్ ముద్దలు వేసే పద్ధతి చేస్తాను. బిస్కెట్ అంటే మన టీలో ముంచుకునేది కాదు, ఇక్కడి మెత్తటి పొరల రొట్టె. నాకు తీపి తక్కువగా, పండు ఎక్కువగా ఉండాలి, అందుకని ఇదే నచ్చుతుంది.

డబ్బా పీచ్‌లని అర కప్పు పాకంతో, ఒక చెంచాడు కార్న్‌ఫ్లోర్‌ని చన్నీళ్ళలో కలిపి పోసి, కొంచెం దాల్చినచెక్క పొడి, చిటికెడు జాజికాయ వేసి స్టవ్ మీద ఉడికిస్తాను. కార్న్‌ఫ్లోర్ వేశాక ఒక ఉడుకు రావాల్సిందే, లేకపోతే తెల్లగా పిండి రుచి తగులుతుంది. ఒకటింబావు కప్పు మైదా, ఒకటిన్నర టీస్పూన్ బేకింగ్ పౌడరు, మూడు చెంచాల పంచదార, చిటికెడు ఉప్పు, అందులో ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన చల్లటి బటర్ ముక్కలు ఆరు టేబుల్‌స్పూన్లు వేసి వేళ్ళ కొసలతో నలపాలి, జంతికల పిండిలో వెన్న కలిపినట్టే, కాకపోతే ఇందులో బటర్ శెనగ గింజంత ముక్కలుగా మిగలాలి. అర కప్పు మజ్జిగ పోసి నాలుగు తిప్పులు తిప్పి ఆపేయాలి. ఆ ముద్దని చెంచాతో గుంటలు గుంటలుగా ఉడుకుతున్న పండు మీద వేసి 400లో 25 నుంచి 30 నిమిషాలు.

పండు వేడిగా ఉండటం ముఖ్యం. నేను మొదట్లో చల్లటి డబ్బా పండు మీద ముద్దలు వేసేవాడిని. పైన అద్భుతంగా ఉండేది, తిరగేస్తే అడుగు పచ్చి పిండి. మీరు అడిగిన ఆ పచ్చిదనం సమస్య ఈ పద్ధతిలో వస్తే కారణం అదే. పండు కింద నుంచి మరుగుతుంటే ముద్ద రెండు పక్కలా ఉడుకుతుంది.

అయినా మీ ఎదురింటి ఆవిడది జారు పద్ధతి కాబట్టి ఆదివారానికి అదే చేయండి. ఆవిడకి ఆవిడ వంట పెడుతున్నప్పుడు మార్పులు వద్దు. నాది ఇంకోసారి చూడండి.

షార్లెట్_శాకాహారి:

గుడ్డు మాట వచ్చింది కాబట్టి ఒక్క జాగ్రత్త. కాబ్లర్‌లో లేకపోయినా పక్కన వేసే ఐస్‌క్రీంలో ఉండొచ్చు. ఫ్రెంచ్ వెనిలా అని రాసి ఉంటే గుడ్డు పచ్చసొన వేసి చేసింది, మామూలు వెనిలా అని ఉన్నవాటిలో కూడా కొన్నిటిలో ఉంటుంది. డబ్బా వెనక చదివి కొనండి. మా నాన్నగారు వచ్చినప్పుడు నేను చూసుకోకుండా పెట్టేశాను, తర్వాత తెలిసి ఆయన ఏమీ అనలేదు కానీ నాకు రెండు రోజులు మనసు మనసులో లేదు. అలాగే ఎవరైనా షాపులో పై క్రస్ట్ రెడీమేడ్‌ది కొని కాబ్లర్ మీద పరిచేయమంటే, వాటిలో కొన్నిటిలో పంది కొవ్వు వేస్తారు, అదీ చూడండి.

బెజవాడ_ఓటీజీ:

ఇండియాలో చేసుకునేవాళ్ళ కోసం రాస్తున్నాను. డబ్బా పీచ్‌లు ఇక్కడ పెద్ద సూపర్‌మార్కెట్లలో దొరుకుతున్నాయి, రేటు మాత్రం ఎక్కువే. మన దగ్గర బటర్ 100 గ్రాముల పెట్టె వస్తుంది కదా, అమెరికా స్టిక్‌కి దాదాపు సరిపోతుంది, ఇంకా వెతుక్కోవద్దు. కానీ అది ఉప్పు బటర్, కాబట్టి పిండిలో ఉప్పు వేయకండి. ఓటీజీలో (చిన్న కరెంటు ఓవెన్) 175 డిగ్రీల సెల్సియస్, కింద రాడ్డు పైన రాడ్డు రెండూ ఆన్, మధ్య అర. నాది చిన్న ఓవెన్, 9 బై 13 పట్టదు, అందుకని అన్నీ సగం కొలతలు వేసి ఏడంగుళాల చదరం టిన్‌లో చేస్తాను, 40 నిమిషాలు పడుతుంది. వంటసోడా, బేకింగ్ పౌడరు ఒకటి కాదు, ఇంట్లో వంటసోడా ఉంది కదా అని అదే కొలత వేస్తే సబ్బు రుచి వస్తుంది.

వేసవిలో నేను డబ్బా జోలికే వెళ్ళను. బంగినపల్లి, పండి కూడా చేతికి గట్టిగా తగులుతున్నప్పుడు ముక్కలు కోసి, నిమ్మరసం, యాలకుల పొడి వేసి ఇదే జారు మీద పరుస్తాను. మరీ మెత్తబడిన పండు వద్దు, జావైపోతుంది. మా అమ్మ మొదటిసారి తిని, ఇది మామిడి తాండ్రకీ కేకుకీ పుట్టినట్టుందే అంది.

కమ్మింగ్_వంటిల్లు:

అందరికీ చాలా చాలా థాంక్స్. అత్తయ్యగారూ, చదువుతుంటే ఎవరో పక్కన నిలబడి చెప్తున్నట్టుంది. ఒకే ఒక్క డౌటు, నాది గాజు డిష్. బటర్ వేసి ఓవెన్‌లో పెట్టినప్పుడు పగలదు కదా?

మేకన్_అత్తయ్య:

ఫ్రిజ్‌లోంచి తీసిన డిష్ వేడి ఓవెన్‌లో పెట్టకండి, వేడి డిష్‌ని తడి గట్టు మీద దించకండి, ఎక్కువగా ఈ రెంటితోనే పగిలేది. అందుకే మీరు మాత్రం బటర్‌ని స్టవ్ మీద కరిగించి, గది వేడికి ఉన్న డిష్‌లో పోసుకోండి. ఓవెన్ పూర్తిగా 350కి వచ్చాకే డిష్ లోపల పెట్టండి. వేడెక్కే సమయంలో పై రాడ్డు భగ్గుమని మండుతుంది, గాజుకి అది మంచిది కాదు. అంచు కరకరలో రవ్వంత తేడా ఉంటుందేమో, అంతే. పీచ్ ముక్కలు కూడా ఫ్రిజ్ చల్లవి వేయకండి. దించేటప్పుడు పొడి టవల్ మడతపెట్టి దాని మీద దించండి.

కమ్మింగ్_వంటిల్లు:

ఆదివారం రాత్రి రాస్తున్నాను. వచ్చింది!!

శనివారం మళ్ళీ ట్రయల్ వేద్దామనుకున్నాను కానీ బాబుకి జ్వరం, కుదరలేదు, నేరుగా ఇవాళే చేశాను. మామూలు మైదాలో బేకింగ్ పౌడరు కలిపి జల్లించాను. మీరన్నట్టే జారు పోయగానే బటర్ మీదికి పాకింది, నిజంగా గరిటె చేతిలోకి తీసుకున్నాను, మీ మాట గుర్తొచ్చి పక్కన పెట్టేశాను. పీచ్ ముక్కలు అత్తగారు పరిచారు, ముగ్గు చుక్కలు పెట్టినట్టు వరసలుగా. 50 నిమిషాలకి మధ్యలో ఇంకా పలచటి బుడగలే వస్తున్నాయి, ఫాయిల్ కప్పి ఇంకో ఎనిమిది నిమిషాలు ఉంచాను, అప్పుడు చిక్కబడింది.

భోజనంలో పులిహోర, వంకాయ కూర, పప్పు అన్నీ అయ్యాక డిష్ తెచ్చి బల్ల మీద పెట్టాను. ఎదురింటి ఆవిడ డిష్‌ని చూసి, నన్ను చూసి, కాసేపు ఏమీ మాట్లాడలేదు. చెంచా తీసుకుని ముందుగా మూల ముక్క విరిచారు. తిని, నా చెయ్యి పట్టుకుని, మా అమ్మ కూడా మూల ముక్కే నాకు దాచేది అన్నారు. అత్తగారికి నేను తెలుగులో చెప్పేసరికి ఆవిడ లేచి ఇంకో మూల కూడా ఎదురింటి ఆవిడ ప్లేటులోనే వేసేశారు. మామగారు సాధారణంగా బయటి స్వీట్లు ముట్టరు, ఇది రెండుసార్లు వేయించుకున్నారు.

తర్వాత పిండి సంగతి అడిగాను. అవునమ్మా సెల్ఫ్ రైజింగే, వేరే పిండి కూడా ఉంటుందని నేను అనుకోలేదు అన్నారు. అత్తయ్యగారూ, మీరు ఇక్కడ కూర్చునే ఆవిడ వంటిల్లు చూసేశారు.

గిన్నెలో పట్టిన పాకం ఇంకా ఉంది, అదేం చేయాలో చెప్పండి. కాబ్లర్ కూడా నాలుగు గంటెలు మిగిలింది, ఎలా వేడి చేయాలి?

మేకన్_అత్తయ్య:

చాలా సంతోషం తల్లీ. బాబుకి తగ్గిందా?

మిగిలింది మూత పెట్టి ఫ్రిజ్‌లో పెట్టండి, మూడు రోజులు బాగుంటుంది. మైక్రోవేవ్‌లో పెడితే అంచు సాగిపోతుంది, అందుకని చిన్న స్టీలు గిన్నెలోకి మార్చి 300లో పదిహేను నిమిషాలు పెట్టండి. పాకంలో అల్లం ముక్క వేసి సగం అయ్యేదాకా మరిగించి సీసాలో పోసుకోండి, పొద్దున టిఫిన్‌కి పాన్‌కేకుల మీద పోస్తే మీ వాడు వద్దనకుండా తింటాడు.